గేరుబాక్సు కింద ఎర్ర చుక్క

తిరుపతి పట్టణం సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. తిరుమల 850 మీటర్ల పైన. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వేసిన మొదటి ఘాట్ రోడ్డు 1944లో మొదలయ్యాక మోటారు బండ్లు కొండెక్కసాగాయి. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. ఇప్పుడు కొత్తదాని మీద ఎక్కుతాం, పాతదాని మీద దిగుతాం. మనుషులతో కలిపి ఒకటిన్నర టన్నుల బరువున్న కారు ఈ 690 మీటర్లు ఎక్కడానికి కావలసిన శక్తి కోటి జౌళ్లు. 30 డిగ్రీలున్న నీళ్లు 34 లీటర్లు తీసుకుని మరిగే దాకా కాచడానికి ఈ శక్తి సరిపోతుంది. ఇంజన్‌లో పుట్టిన ఈ శక్తి అంతా గేరుబాక్సు గుండానే చక్రాలకు చేరాలి.

ఆటోమేటిక్ గేరుబాక్సు అందులో పదోవంతును దారిలో వేడిగా పోగొట్టుకుందనుకుందాం. అది పది లక్షల జౌళ్లు. లోపలుండే ఏడు లీటర్ల నూనె ఒక్క డిగ్రీ వేడెక్కడానికి పన్నెండు వేల జౌళ్లు చాలు. లెక్క వేస్తే, నూనెను చల్లార్చే కూలర్ అంటూ లేకపోతే కొండ కింద అలిపిరి నుంచి తిరుమల దాకా పట్టే ఆ అరగంటలోనే నూనె ఇంకో 80 డిగ్రీలు వేడెక్కాలి. మే నెలలో తిరుపతిలో నీడలోనే 40 దాటుతుంది. కొండ మీద పార్కింగులో ఆపిన కారు కింద నాలుగు ఎర్ర చుక్కలు కనబడితే వాటి వెనక ఇంత వేడి ఉంది. చిన్న లీకును బాగుచేయడం పెద్ద విద్యేమీ కాదు. ఆ వేడి రబ్బరును, నూనెను, లోహాన్ని ఏం చేసిందో అర్థమైతే ఎక్కడ వెతకాలో, ఏం మార్చాలో, ఏం ముట్టుకోకూడదో తెలిసిపోతుంది.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. క్లచ్ పెడల్ లేని కారునల్లా మనం ఆటోమేటిక్ అనేస్తాం. 2014లో మారుతి సెలేరియోతో మన దగ్గర బాగా వ్యాపించిన ఏఎంటీలో ఉన్నది మామూలు గేరుబాక్సే. గేరు మార్చే పని మాత్రం డ్రైవరుకు బదులు చిన్న యంత్రం చేస్తుంది. అందులో పోసేది మామూలు గేరాయిలు. గేరు మెట్లు లేని సీవీటీది ఇంకో రకం, దాని నూనె వేరు, చాలాసార్లు రంగు కూడా వేరు. ఇక్కడ నేను ప్రధానంగా చెబుతున్నది టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు సిసలు ఆటోమేటిక్ గురించి. పెద్ద ఎస్‌యూవీలు ఆటోమేటిక్ అయితే వాటిలో ఎక్కువగా ఉండేది ఇదే.

టార్క్ కన్వర్టర్ పుట్టింది కార్ల కోసం కాదు. వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్‌ను, నెమ్మదిగా తిరగాల్సిన ఓడ పంకాను కలపడానికి హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇంజన్ వైపు ఒక రెక్కల చక్రం, గేర్ల వైపు ఇంకో రెక్కల చక్రం, మధ్యలో నూనె. మొదటిది నూనెను విసురుతుంది, ఆ విసురుకు రెండోది తిరుగుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగకపోతే శక్తిలో కొంత నూనెలో వేడిగా మారుతుంది. సాఫీ రోడ్డు మీద వేగం అందుకున్నాక లోపలి క్లచ్ ఒకటి ఈ రెండింటినీ కలిపి బిగించేస్తుంది. ఘాట్‌లో లారీ వెనక పాకుతూ పోయేటప్పుడు, మలుపు దగ్గర దాదాపు ఆగి మళ్లీ కదిలేటప్పుడు ఆ బిగింపు విడిపోతుంది. కొండెక్కడంలో నూనె కాగిపోయేది అందుకే.

అంటే ఈ పెట్టెలో నూనె కందెన మాత్రమే కాదు. శక్తిని మోసేది అదే, వేడిని కూలర్‌కు చేర్చేది అదే. పంపు దాన్ని ఒత్తిడితో తోస్తే ఆ ఒత్తిడికే క్లచ్ పలకలు బిగుసుకుంటాయి, గేరు పడుతుంది. మామూలు గేరుబాక్సులో నూనె కాస్త తగ్గినా పళ్లు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి. ఇందులో తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది కాబట్టి ఒత్తిడి నిలవదు. ఒత్తిడి నిలవకపోతే పలకలు జారతాయి, జారితే మాడతాయి. సమతలం మీద బాగానే నడిచిన బండి ఘాట్ మలుపులో తడబడటానికి కారణం ఇదే. ఎత్తు మీద వంపు తిరిగేటప్పుడు నూనె ఒక పక్కకు ఒరుగుతుంది, మట్టం తక్కువగా ఉంటే పంపు నోరు తేలిపోతుంది. ఇంజన్ గయ్యిమంటుంది, బండి మాత్రం కదలదు. మొగిలి ఘాట్ అయినా భాకరాపేట ఘాట్ అయినా ఈ లక్షణం కనబడితే దాన్ని ఇంజన్ జబ్బు అనుకోకండి.

ఇక చుక్క సంగతి. కారు కింద పడిన ప్రతి తడీ లీకు కాదు. చిత్తూరు జిల్లా ఎండల్లో ఏసీ వేసుకుని వచ్చిన బండి కింద నీళ్లు కారకపోతేనే ఆశ్చర్యపోవాలి. రంగు లేకుండా, వేళ్ల మధ్య జారకుండా, కాసేపట్లో ఆరిపోతే అది ఏసీ నీళ్లే. ఎరుపు కనబడినా తొందరపడకూడదు. చాలా కూలెంట్లు కూడా ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటాయి. వాటిలో చాలా భాగం నీళ్లే కనుక నూనెలాంటి జిడ్డు ఉండదు, తియ్యటి వాసన వస్తుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న పాత బండ్లలో స్టీరింగుకూ ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసే ఎర్ర నూనెనే, అంటే ఏటీఎఫ్‌నే పోసేవారు, కాబట్టి అటు కూడా చూడాలి. ఏటీఎఫ్ పల్చగా, బాగా జారుడుగా ఉంటుంది. తెల్ల కాగితం మీద వేస్తే చుట్టూ జిడ్డు వలయం పాకుతుంది. కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా ఉండే ఈ నూనె వాడే కొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. నల్లబడి మాడు వాసన వేస్తే లీకు కన్నా పెద్ద సమస్య లోపల మొదలైందని అర్థం.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు చుక్క పడిన చోటునే లీకు చోటు అనుకోవడం. బండి నడుస్తుంటే గాలి నూనెను వెనక్కి నెడుతుంది. గేరుబాక్సు పైభాగంలో కారిన నూనె పక్క గోడల మీదుగా పాకి, అడుగున నూనె నిలిచే పాన్ అంచుకు చేరి, అక్కడున్న ఏదో బోల్టు తలకాయ నుంచి చుక్కలుగా రాలుతుంది. పైగా ఇంజనాయిల్ సీలు పోయినా ఆ నూనె ఇక్కడికే దిగుతుంది. షెడ్డులో జాకీ ఎత్తి టార్చి వేసి చూడగానే 'పాన్ ప్యాకింగ్ పోయిందన్నా' అనడం తేలిక. ప్యాకింగ్ మార్చిన వారానికి మళ్లీ చుక్కలు పడితే ఆ ఖర్చు మనదే.

అందుకని ముందు కడగాలి. ఏళ్ల తరబడి కారిన చోట దుమ్ము అంటుకుని మందంగా పేరుకుపోతుంది. గీకితే పేడులా ఊడి వస్తుంది, కింద అల్యూమినియం తెల్లగా మెరుస్తుంది. గేరుబాక్సు అంతా డిగ్రీజర్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, టాల్కం పౌడరు పలచగా చల్లి పది పదిహేను కిలోమీటర్లు నడిపి మళ్లీ చూస్తే, పౌడరు మీద నూనె గీసిన చార పైకి ఎక్కడి దాకా పోతే అక్కడే లీకు మొదలు. ఇది దాదాపు ఖర్చు లేని పరీక్ష, నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. అప్పటికీ తేలకపోతే నూనెలో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత టార్చితో చూసే పద్ధతి ఉంది. చీకట్లో లీకు చార పసుపుపచ్చగా వెలుగుతుంది.

వెతకాల్సిన చోట్లు ఎన్నో ఉండవు. పాన్ చుట్టూ ఉన్న ప్యాకింగ్, డ్రైన్ బోల్టు కింద వాషర్, కూలర్‌కు వెళ్లే గొట్టాల అతుకులు, చక్రాలకు వెళ్లే షాఫ్టులు బయటికి వచ్చే చోట సీళ్లు, వైర్ల సాకెట్ దగ్గర ఓ-రింగ్, గేరు లీవర్ షాఫ్టు సీలు. వీటిలో ఎక్కువ భాగం బయటి నుంచే సరిచేయవచ్చు. ఇంజన్‌కూ గేరుబాక్సుకూ మధ్యలో, టార్క్ కన్వర్టర్ వెనక ఉండే సీలు ఒక్కటే ఇబ్బంది. సీలు చిన్నదే, దాన్ని చేరాలంటే మాత్రం గేరుబాక్సునే దింపాలి. రెండూ కలిసే చోట కింద నుంచి నూనె కారుతుంటే ఇంట్లో ప్రయత్నాలు మానుకోవడమే మంచిది.

షాఫ్టు సీలును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. బయట లోహపు చుట్టు, లోపల సన్నటి రబ్బరు పెదవి, ఆ పెదవి వెనక వెంట్రుకంత తీగతో చుట్టిన స్ప్రింగు. షాఫ్టును ఆనుకుని ఉండేది ఆ పెదవి అంచు మాత్రమే. అక్కడ కూడా రబ్బరు నేరుగా ఇనుమును రాసుకోదు. మధ్యలో మిల్లీమీటరులో వెయ్యోవంతుకు అటూ ఇటూ మందం ఉన్న నూనె పొర ఉంటుంది. అది లేకపోతే రబ్బరు కాలిపోతుంది, ఎక్కువైతే కారుతుంది. పూర్వం ఈ పని తోలు చేసేది. జర్మనీలోని వైన్‌హైమ్‌లో తోళ్లు పదును చేసే ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు రూపొందించిన తోలు సీలును మార్కెట్లోకి తెచ్చింది. 1930ల నడుమకు తోలు స్థానంలో కృత్రిమ రబ్బరు వచ్చింది. ఇవాళ్టి సీళ్లు ఆ వంశానివే.

ఈ రబ్బరుకు శత్రువు వేడి. రబ్బరు పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి అది క్రమంగా బిరుసెక్కుతుంది. సాగే గుణం పోతుంది, షాఫ్టు కాస్త ఊగితే దానితో పాటు పెదవి కదలలేదు. ఇలాంటి రసాయన చర్యల వేగం ప్రతి పది డిగ్రీలకూ దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. అలాగైతే 90 డిగ్రీల దగ్గర పదేళ్లు మన్నే సీలు 110 దగ్గర రెండున్నరేళ్లలో బిరుసెక్కాలి. మైదానంలో తిరిగే బండికీ రోజూ కొండెక్కి దిగే బాడుగ బండికీ తేడా ఇక్కడే ఉంది.

అదే వేడి నూనెను పల్చబరుస్తుంది. ఆధునిక ఏటీఎఫ్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 30 సెంటీస్టోకుల చుట్టుపక్కల ఉంటే, 100 డిగ్రీలకు ఆరుకు పడిపోతుంది. ఐదు రెట్లు పల్చబడితే అదే సందులోంచి ఐదు రెట్లు ఎక్కువ కారుతుంది. పొద్దున పొడిగా కనబడే పాన్ సాయంత్రానికి తడిసి ఉండటం అందుకే. ఇంకొక లెక్క దీనికన్నా భయపెట్టేది. సన్నటి సందులోంచి కారే ద్రవం పరిమాణం ఆ సందు మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది. సందు రెట్టింపైతే కారడం ఎనిమిది రెట్లు. చుక్కలుగా ఉన్నది ధారగా మారడానికి సందు పెద్దగా పెరగనక్కర్లేదు.

రాత్రంతా నిలబడిన బండి కింద పది చుక్కలు పడ్డాయనుకోండి. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. ఆ లెక్కన ఏడాదికి 180 మిల్లీలీటర్లు. ఏడు లీటర్లలో ఇది పెద్దదేం కాదు అనిపిస్తుంది, నిజమే. కాకపోతే ఆగి ఉన్నప్పుడు లోపల ఒత్తిడి లేదు, నడుస్తున్నప్పుడు ఉంది. కూలర్ గొట్టం అతుకు దగ్గర లీకైతే ఆగినప్పుడు ఒక్క చుక్కా పడకుండానే దారిలో లీటరు పోవచ్చు. అందుకే నేల మీద మచ్చ పరిమాణాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు, మట్టం చూడాల్సిందే.

ఏదైనా మార్చే ముందు ఒక చిన్న గొట్టం సంగతి చూడాలి. గేరుబాక్సు పైన గాలి ఆడటానికి బ్రీథర్ ఉంటుంది. అది బురదతోనో దుమ్ముతోనో పూడిపోతే లోపలి గాలికి దారి ఉండదు. 30 డిగ్రీల దగ్గర మూసుకుపోయిన గాలి 90కి వేడెక్కితే దాని ఒత్తిడి ఐదోవంతు పెరుగుతుంది. వ్యాకోచించిన నూనె ఇంకాస్త నొక్కుతుంది. షాఫ్టు సీళ్లు ఇంత ఒత్తిడిని ఆపడానికి చేసినవి కావు. కొత్త సీలు వేసినా మళ్లీ కారుతోందంటే ముందు బ్రీథర్ ఊది చూడమని అడగండి. ఇసుక, మట్టి రోడ్లలో తిరిగే బండ్లకు ఇది మరీ అవసరం.

పాన్ ప్యాకింగే తప్పు అని తేలిందనుకుందాం. మొదట నూనె పోసే బోల్టు ఊడదీయాలి, ఆ తర్వాతే డ్రైన్ బోల్టు. తుప్పుపట్టి పైది రాకపోతే, ఉన్న నూనె వదిలేసి కొత్తది పోయలేని స్థితిలో చిక్కుకుంటాం. బండి ఒక్క జాకీ మీద ఉండగా కిందికి దూరడం ప్రాణంతో ఆట, స్టాండ్లు వేయాల్సిందే. కొండ దిగి వచ్చిన వెంటనే డ్రైన్ విప్పితే చెయ్యి కాలుతుంది. కారిన నూనెను కొలిచే గిన్నెలో పట్టాలి, ఎంత వచ్చిందో అదే మనకు మొదటి లెక్క.

పాన్ దింపితే అడుగున చిన్న అయస్కాంతాలు ఉంటాయి. వాటిని పట్టుకుని బూడిద రంగు మెత్తటి ముద్ద కనబడుతుంది. వేలికి రాసుకుంటే కాటుకలా పాకుతుంది. అది పలకల మామూలు అరుగుదల, కంగారు పడక్కర్లేదు. మెరిసే ఇనుప పొరకలు, గరుకు ముక్కలు కనబడితే ప్యాకింగ్ పని ఆపి అసలు గేరుబాక్సును చూపించుకోవాలి.

పాత ప్యాకింగును ఇనుప బ్రష్షుతో గీకితే అల్యూమినియం మీద గీతలు పడతాయి, ప్రతి గీతా కొత్త లీకుకు కాలువ. ప్లాస్టిక్ గీకుడు ముక్కతో తీసి గుడ్డతో తుడవాలి. కంపెనీ చెప్పకపోతే ప్యాకింగ్ గమ్ము పూయకూడదు. ఎక్కువైన గమ్ము లోపలికి పిండుకుపోయి, ముక్కలై, నూనె ఒత్తిడిని క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీలోని సన్నటి దారులకు అడ్డం పడుతుంది. చాలా గేరుబాక్సుల పాన్ బోల్టులకు కావలసిన బిగింపు పది న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది, కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. చేతిబలం చూపించి బిగిస్తే రేకు పాన్ బోల్టు రంధ్రాల దగ్గర ఉబ్బి, రెండు బోల్టుల మధ్య సందు తెరుచుకుంటుంది. లీకు ఆగలేదని ఇంకాస్త బిగిస్తే సందు ఇంకాస్త పెరుగుతుంది. పాత పాన్ అయితే అంచు కింద చెక్క దిమ్మ పెట్టి సుత్తితో మెల్లగా చదును చేయాలి. బోల్టుల్ని ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. డ్రైన్ బోల్టు కింద వాషర్ మెత్తటి లోహంతో చేసింది, ఒకసారి నలిగి అమరాక దాని పని అయిపోయినట్టే. ప్రతిసారీ కొత్తదే వేయాలి.

షాఫ్టు సీలు అయితే యాక్సిల్ షాఫ్టు లాగి, పాత సీలును గూడుకు గీత పడకుండా పెకలించి, కొత్తదాని పెదవికి ఏటీఎఫ్ రాసి, పాతది ఎంత లోతున ఉందో అంతే లోతుకు వంకర పోకుండా దింపాలి. సీలు ఆనే చోట షాఫ్టు మీద గోరు పెట్టి చూడండి. గోటికి గాడి తగిలితే కొత్త సీలు కూడా ఎక్కువ రోజులు నిలవదు.

ఏ నూనె పోయాలన్నది బేరమాడే విషయం కాదు. క్లచ్ పలకలు ఎంత మెత్తగా పట్టుకోవాలో, ఎంత గట్టిగా బిగుసుకోవాలో నూనెలోని రసాయనాలే నిర్ణయిస్తాయి. ఆ పని కోసం 1970ల తొలినాళ్ల దాకా అమెరికాలో ఏటీఎఫ్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. తిమింగలాల రక్షణకు చట్టాలు వచ్చి అది ఆగిపోయాక, దానికి సాటి వచ్చే పదార్థం కోసం రసాయన శాస్త్రవేత్తలు చాలా శ్రమపడాల్సి వచ్చింది. ఒక్క దినుసు మారితేనే అంత తేడా. ఎర్రగా ఉంటే చాలని ఏదో ఒక డబ్బా పోయడం, సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోయడం లీకుకన్నా పెద్ద నష్టం.

ఇక మట్టం. ఈ కాలపు గేరుబాక్సుల్లో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. బండి సమతలంగా ఉండాలి, ఇంజన్ నడుస్తుండాలి, బ్రేకు మీద కాలుంచి లీవరును అన్ని గేర్లకూ ఒకసారి తిప్పి పార్కులోకి తేవాలి, అప్పుడు మట్టం బోల్టు విప్పితే నూనె సన్నగా కారి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. అయితే ఇదంతా నూనె ఒక నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉండగా చేయాలి. కొన్ని బండ్లకు అది 35 నుంచి 45 డిగ్రీల మధ్య. చలి దేశాల్లో ఆ వేడి రావడానికి ఇంజన్‌ను కాసేపు నడపాలి. మన దగ్గర మే నెల మధ్యాహ్నం షెడ్డులో నిలబెట్టిన బండి నూనె ఇంజన్ తిప్పకముందే ఆ హద్దు దగ్గర ఉంటుంది, తిప్పిన కాసేపటికి దాటిపోతుంది. వేడెక్కిన నూనె వ్యాకోచిస్తుంది. ఏడు లీటర్లు ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే వంద మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. అది బోల్టు రంధ్రం నుంచి బయటికి పోయి, 'నిండుగా ఉంది' అన్న మాట మనకు మిగులుతుంది, నూనె మాత్రం తక్కువగా మిగులుతుంది. అందుకే రాయలసీమ ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునే చేయించుకోమంటాను. నూనె ఉష్ణోగ్రతను స్కానర్‌లో చూపించమని అడగండి. నడుస్తున్న ఇంజన్ కింద చేసే పని కాబట్టి లిఫ్ట్ ఉన్న షెడ్డులో చేయించడమే క్షేమం.

ఉండనీ అని అర లీటరు ఎక్కువ పోయడం కూడా తప్పే. తిరిగే భాగాలు ఆ నూనెను చిలికి నురగ చేస్తాయి, నురగ బ్రీథర్ గుండా పొంగి బయటికి వస్తుంది. చూసేవాళ్లకు అది మళ్లీ లీకులాగే కనబడుతుంది.

లీకు ఆపే మందులంటూ దొరికే సీసాల గురించి చాలామంది అడుగుతుంటారు. వాటిలో చాలావరకు రబ్బరును ఉబ్బించే రసాయనాలు ఉంటాయి. బిరుసెక్కిన సీలు కొన్నాళ్లు మెత్తబడి చుక్క ఆగుతుంది, అది నిజం. ఆ మందు కారే సీలు ఏదో, బాగున్న సీలు ఏదో ఎంచదు, అన్నిటినీ ఉబ్బిస్తుంది. చిరిగిన పెదవిని, వదులైన అతుకును అది ఏమీ చేయలేదు. సీలు మార్చించుకునే దాకా నెట్టుకురావడానికి తప్ప దాన్ని నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.

దిగేటప్పుడు కూడా ఈ నూనెకు పని ఉంది. ఎక్కినప్పుడు కూడబెట్టిన కోటి జౌళ్లు దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. 36 మలుపుల పాత ఘాట్‌లో బ్రేకుల మీదే భారం వేయకుండా కింది గేరులో దిగితే ఇంజన్ ఆ భారంలో భాగం తీసుకుంటుంది, ఆ గేరును పట్టి ఉంచేది మళ్లీ ఈ నూనె ఒత్తిడే. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు అని దేవస్థానం పెట్టిన నిబంధన ప్రాణాల కోసమే, అది గేరుబాక్సుకూ మేలే చేస్తుంది. నూనె కారుతున్న బండితో ఘాట్ ఎక్కడం మన బండికే కాదు, వెనక బైకు మీద వచ్చేవాళ్లకూ ప్రమాదం. మలుపులో నూనె మరక మీద తొలకరి చినుకులు పడితే చక్రానికి పట్టు ఉండదు.

దారిలో గేరు పడటానికి ఆలస్యమైనా, ఇంజన్ అరిచి బండి కదలకపోయినా పక్కకు ఆపేయాలి. తాడు కట్టి లాగించకండి. ఈ గేరుబాక్సులో నూనె పంపును తిప్పేది ఇంజన్. ఇంజన్ ఆగి చక్రాలు మాత్రం తిరిగితే లోపలి భాగాలు నూనె లేకుండా రాసుకుంటాయి. చక్రాలు నేలకు తగలకుండా బండి మొత్తాన్ని ఎక్కించుకునే ట్రక్కునే పిలవాలి.

బాగుచేయించాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, ఒక ఘాట్ ఎక్కి దిగి, చల్లారాక మళ్లీ కింద టార్చి వేసి చూడండి. అల్యూమినియం పెట్టె, ఇనుప బోల్టులు ఒకే తీరుగా వ్యాకోచించవు. కొత్త ప్యాకింగ్ నిలిచిందా లేదా అన్నది నాలుగైదు సార్లు కాగి చల్లారాకే తెలుస్తుంది. దింపిన పాత నూనెను కాలువలోనో చెట్టు మొదట్లోనో పోయకుండా డబ్బాలో మూతపెట్టి, వాడిన ఆయిలు సేకరించే షెడ్డుకు ఇచ్చేయండి.